శాఖా గ్రంథాలయము – గ్రామ పంచాయతీ బాధ్యత

ఇంటిపన్ను చెల్లించిన ప్రతి గృహస్థుని యొద్దను ఒక రశీదు ఉండును. ఆ రశీదును ఒకసారి చేతబట్టి చదువుడు. ఇంటిపన్ను, నీటిపన్ను మొదలగు వాని సరసన ‘గ్రంథాలయ పన్ను’ అని మరియొక పద్దు కానవచ్చును. మొత్తము చిన్నదగుటచే పెక్కుమంది దానిని గమనింపరు. గమనించినవారు ‘మా ఊరిలో గ్రంథాలయమే లేదు, ఈ పన్ను ఏల?’ అని అడుగుదురు. గ్రంథాలయమున్న ఊరివారు ‘కొత్త పుస్తకము వచ్చి ఎన్నాళ్లయినదో తెలియదు, మా సొమ్ము ఎచ్చటికి పోవుచున్నది?’ అని అడుగుదురు. ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. వీనికి సమాధానము చెప్పవలసిన వారిలో పంచాయతీ సభ్యులు మొదటివారు. ఏలయన, ఆ సొమ్మును ఇంటింట వసూలు చేయుచున్నది పంచాయతీయే.

శాఖా గ్రంథాలయము మన గ్రామములకు ఎట్లు వచ్చినది, అది చేయు సేవ ఏమి, దానికి ధనము ఎట్లు సమకూరును, ఆ విషయమున పంచాయతీ కర్తవ్యమేమి అను నాలుగు సంగతులను ఈ పాఠమున తెలిసికొందము.

ప్రజలే స్థాపించిరి

తెలుగునాట గ్రంథాలయములు ప్రభుత్వపు ఉత్తర్వులతో మొదలైనవి కావు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు లక్ష్మణరావు గారును, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారును దానికి అండగా నిలిచిరి. నిజాము పాలనలోని ఆ నగరమున కచేరీలలో ఉర్దూ భాష చెల్లుచుండెను. తెలుగు చదువగోరువారికి తెలుగు పుస్తకము దొరకు చోటు ఒకటి కావలెనను తలంపుతో ఆ నిలయము ఏర్పడెను. దాని వెనువెంటనే 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును వెలసినవి.

గ్రంథాలయము పెట్టినంతమాత్రమున చాలదు. అందు చదువదగిన పుస్తకములుండవలెను. ఆనాడు తెలుగున కావ్యములును, పురాణములును ఉన్నవి గాని చరిత్ర, శాస్త్రము, జీవిత చరిత్రలు అరుదు. ఆ కొరత తీర్చుటకై 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడినది. ఆ మండలి మొదట వెలువరించిన గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమ రావు గారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. ఆ హరిసర్వోత్తమ రావు గారే తరువాతి కాలమున గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును తమ జీవితమును ధారపోసిరి.

కోస్తా జిల్లాలలో ఈ ఉద్యమమునకు విజయవాడ కేంద్రమయ్యెను. అచ్చట 1911లో రామమోహన గ్రంథాలయము స్థాపింపబడెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన ఆ నగరమునందే గ్రంథాలయ ప్రతినిధులు మహాసభగా కూడిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు ఆ సభకు అధ్యక్షత వహించిరి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము అప్పుడే పుట్టినది. ఆ సంఘమునకు ప్రాణము పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్య గారు. ఊరూర తిరిగి గ్రంథాలయములను స్థాపింపజేయుటయు, స్థాపించినవానిని నిలుపుటయు వారి జీవిత వ్రతమయ్యెను. భారత ప్రభుత్వము 1972లో వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది.

ఈ ప్రయత్నములు పట్టణములకే పరిమితము కాలేదు. నేటి బాపట్ల జిల్లాలోని వేటపాలెమున 1918లో వూటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారు సారస్వత నికేతనమును స్థాపించిరి. 1929లో మహాత్మా గాంధీ గారు దానిని దర్శించిరి. అచ్చట పదిలపరచిన పాత దినపత్రికల, మాసపత్రికల సంపుటములకై పరిశోధకులు దూరప్రాంతముల నుండి నేటికిని వచ్చుచున్నారు. ఒక గ్రామమున పుట్టిన గ్రంథాలయము దేశమునకంతకును ఉపయోగపడగలదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

పుస్తకము కొరకు పాఠకుడు రాలేనిచో, పుస్తకమే పాఠకుని యొద్దకు పోవలెనని తలచినవారును కలరు. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా డెల్టా కాలువపై పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల నడుమ పడవ గ్రంథాలయమును నడిపిరి. ధాన్యమును, ప్రయాణికులను మోయు కాలువ మీదుగా పుస్తకములు గట్టు గట్టునకు చేరినవి. రోడ్డు లేని గ్రామమువారు సైతము రేవునకు వచ్చి పుస్తకము పుచ్చుకొని పోగలిగిరి.

తెలంగాణమున ఈ పని మరింత కష్టమైనది. నిజాము రాజ్యమున సభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలసి యుండెను. నలుగురు కూడి తెలుగు పత్రిక చదువుటయే అధికారులకు అనుమానము కలిగించెడిది. అట్టి దినములలో 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి గారు దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి తక్కువ వెలకు పుస్తకములను ప్రజలకు అందజేసిరి. చదువుకొనుట హక్కు అని తెలిసికొనుటకు అక్కడి ప్రజలు ఎంత మూల్యము చెల్లించిరో మనము మరువరాదు.

చట్టము ఏల అవసరమైనది

ప్రజలు ఇంత ఉత్సాహముతో స్థాపించిన గ్రంథాలయములు వందలుగా ఉండగా చట్టముతో పని ఏమి అని కొందరు అడుగవచ్చును. చందాలతో నడచు గ్రంథాలయమునకు ఒక బలహీనత కలదు. స్థాపించిన పెద్దమనిషి ఉన్నంతకాలము అది కళకళలాడును. ఆయన ఊరు విడిచినను, కాలధర్మము చెందినను పత్రికలు ఆగిపోవును. బీరువా తాళపుచెవి ఎవరి యొద్దనున్నదో తెలియకపోవును. పంటలు పండని యేడు చందా అడుగుటకే మొగమాటము కలుగును. అంతేగాక, ఉదారులగు ధనికులున్న ఊరికి గ్రంథాలయము వచ్చును; లేని ఊరికి రాదు. అవసరము ఎక్కువగా ఉన్నది ఆ రెండవ ఊరికే.

దీనికి మార్గము చట్టబద్ధమైన నిలుకడ గల ఆదాయమే అని చెప్పినవారిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు ముఖ్యులు. వారి కృషి ఫలితముగా 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయముల చట్టము వచ్చినది. ఇంటిపన్ను లేక ఆస్తిపన్ను రూపాయికి 6 పైలు, అనగా అర్ధణా చొప్పున గ్రంథాలయ పన్ను విధింపవలెనని ఆ చట్టము నిర్ణయించెను. (ఆనాటి రూపాయికి 192 పైలు అని గుర్తుంచుకొనవలెను.) అప్పుడు మద్రాసు రాష్ట్రములో చేరియున్న ఆంధ్ర, రాయలసీమ జిల్లాలకు ఈ చట్టము వర్తించెను. హైదరాబాదు రాష్ట్రమున 1955లో వేరొక చట్టము చేయబడెను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట రెండు ప్రాంతములకును కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయముల చట్టము వచ్చినది. 2014లో రాష్ట్రము రెండైన తరువాత కూడ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును ఆ చట్టమునే అనుసరించుచున్నవి.

ఈ చట్టము క్రింద జిల్లాకు ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ ఉండును. జిల్లాలోని కేంద్ర గ్రంథాలయము, శాఖా గ్రంథాలయములు, గ్రామీణ గ్రంథాలయములు, పుస్తక నిక్షిప్త కేంద్రములు దాని యాజమాన్యమున నడచును. కావున శాఖా గ్రంథాలయము ఊరిలో ఉన్నను అది పంచాయతీ కార్యాలయములో భాగము కాదు. గ్రంథపాలకుడు సర్పంచి క్రింది ఉద్యోగి కాడు. పంచాయతీకిని గ్రంథాలయమునకును గల సంబంధము వేరు. అది ముందు చెప్పబడును.

శాఖా గ్రంథాలయమున జరుగు పని

గ్రంథాలయమనగా నాలుగు పత్రికలు పరచిన బల్ల అని చాలమంది తలంతురు. పత్రికా పఠనము దాని సేవలలో ఒకటి మాత్రమే. తక్కిన వానిని క్రమముగా చూతము.

మొదటిది పుస్తకములను ఇంటికి ఇచ్చుట. స్వల్పమైన ధరావతు చెల్లించి ఎవరైనను సభ్యులు కావచ్చును. సభ్యత్వము వదలుకొనునపుడు ఆ ధరావతును తిరిగి పొందవచ్చును. వచ్చిన ప్రతి పుస్తకమునకు ఒక సంఖ్య ఇచ్చి రిజిస్టరులో చేర్చుదురు. తరువాత విషయమును బట్టి పుస్తకములను విభజించి బీరువాలలో అమర్చుదురు. వ్యవసాయము ఒకచోట, వైద్యము ఒకచోట, న్యాయము ఒకచోట, కథలు, నవలలు ఒకచోట ఉండును. ఈ విభజన సరిగా ఉన్నచో కావలసిన పుస్తకము నిమిషములో దొరకును. లేనిచో వేయి పుస్తకములున్నను లేనట్లే.

రెండవది విద్యార్థులకు, ఉద్యోగార్థులకు చేయు సేవ. నేడు శాఖా గ్రంథాలయములను ఎక్కువగా ఉపయోగించుకొనుచున్నవారు వీరే. పోటీ పరీక్షలకు కావలసిన పుస్తకములను అన్నింటిని కొనుట పేద కుటుంబమునకు సాధ్యము కాదు. పట్టణమునకు పోయి గది అద్దెకు తీసికొని శిక్షణ పొందుట అంతకంటెను కష్టము. ఆడపిల్లలను అట్లు పంపుటకు తల్లిదండ్రులు పెక్కుమంది వెనుదీయుదురు. ఊరిలోనో, పక్క ఊరిలోనో గల గ్రంథాలయమున ఒక మంచి పుస్తకము ఉన్నచో ఏడాది పొడవున ఎందరో దానిని చదువగలరు. చిన్న ఇంటిలో పదిమంది నడుమ చదువుకొనలేని విద్యార్థికి గ్రంథాలయములోని బల్ల, దీపము, నిశ్శబ్దము కూడ గొప్ప సహాయమే.

మూడవది పిల్లల సేవ. బడి పుస్తకము కాక మరియొక పుస్తకమును తన ఇచ్ఛతో తెరచి చూచుకొను అవకాశము గ్రామములోని బాలబాలికలకు తక్కువ. బొమ్మల పుస్తకములు, కథల పుస్తకములు, విజ్ఞాన గ్రంథములు పిల్లలకు అందునట్లు తక్కువ ఎత్తు గల అరలలో ఉంచవలెను. వేసవి సెలవులలో గ్రంథాలయములు పిల్లలకు కథలు చదివి వినిపించుట, చిత్రలేఖనము మొదలగు కార్యక్రమములను జరుపుచున్నవి. ప్రతి యేట నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. ఆ దినములలో బడిపిల్లలనందరిని ఒక్కసారియైనను గ్రంథాలయమునకు తీసికొని పోవుట ఉపాధ్యాయులకును, పంచాయతీకిని కష్టమైన పని కాదు.

నాలుగవది రైతులకు, స్త్రీలకు, వృద్ధులకు చేయు సేవ. పంటల తెగుళ్లు, పాడి పశువుల పోషణ, బ్యాంకు ఋణములు, భూమి పట్టాల విషయము, ప్రభుత్వ పథకములు అను వానిని గూర్చిన పుస్తకములు, పత్రికలు గ్రంథాలయమున దొరకును. చేతిలోని ఫోను సమస్తమును చెప్పుచుండగా పుస్తకమేల అని యువకులు అనవచ్చును. ఫోనులో వచ్చు మాట ఎవరు చెప్పినదో, నిజమో కాదో తెలిసికొనుటకు సైతము కొంత చదువు కావలెను. అంతేగాక అచ్చయిన పుస్తకమున రచయిత పేరు, ప్రకాశకుని పేరు ఉండును. చెప్పిన మాటకు వారు బాధ్యులై ఉందురు. ఫోనును కాదనుట మన ఉద్దేశము కాదు. కంప్యూటరు గల గ్రంథాలయములలో జాతీయ డిజిటల్ గ్రంథాలయము వంటి వానిని చూపి సరియైన దారి పట్టించుట గ్రంథపాలకుని పనిలో చేరినదే.

ఐదవది పుస్తక నిక్షిప్త కేంద్రము. ప్రతి ఊరికిని శాఖా గ్రంథాలయము పెట్టుట సాధ్యము కాదు. శాఖ లేని ఊరిలో ఒక గదిని చూపినచో దగ్గరలోని శాఖనుండి కొన్ని పుస్తకములను తెచ్చి అచ్చట ఉంచుదురు. కొంతకాలమునకు వానిని మార్చి వేరు పుస్తకములను తెత్తురు. ఇది పడవ గ్రంథాలయము నాటి తలంపే. పడవకు బదులు పుస్తకముల పెట్టె ఊరూర తిరుగుచున్నది.

పుస్తకములు ఎచ్చటినుండి వచ్చును? జిల్లా సంస్థ తన నిధితో కొనును. ఇవి గాక 1972లో స్థాపింపబడి కలకత్తా కేంద్రముగా పనిచేయుచున్న రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానము దేశములోని ప్రజా గ్రంథాలయములకు పుస్తకముల రూపమున సహాయము చేయుచున్నది. దాతలు ఇచ్చు పుస్తకములు కూడ కలవు. అయితే దాతలు ఇచ్చునది వారు వదలుకొనదలచిన పుస్తకము. పాఠకులకు కావలసినది వేరు కావచ్చును. కావున నిలుకడ గల నిధి తప్పనిసరి.

గ్రంథాలయ పన్ను లెక్క

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వత్తము. నేడు ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. అనగా 1,000 రూపాయల ఇంటిపన్ను కట్టు గృహస్థుడు 80 రూపాయల గ్రంథాలయ పన్నును కట్టును. ఈ పన్నును గ్రామములలో పంచాయతీయు, పట్టణములలో పురపాలక సంఘమును ఇంటిపన్నుతోపాటు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టవలెను.

లెక్క సులభముగా తెలియుటకు ఒక గ్రామమును ఊహింతము. ఆ గ్రామమున ఏడాదికి ఇంటిపన్ను డిమాండు 6,00,000 రూపాయలు. దానిపై గ్రంథాలయ పన్ను 48,000 రూపాయలు. ఆ యేడు నాలుగింట మూడు వంతులే వసూలైనది అనుకొందము. అప్పుడు ఇంటిపన్ను క్రింద 4,50,000 రూపాయలు, గ్రంథాలయ పన్ను క్రింద 36,000 రూపాయలు పంచాయతీ చేతికి వచ్చినవి. ఈ 36,000 రూపాయలు పంచాయతీ ఆదాయము కాదు. గృహస్థులు ఒక పనికై ఇచ్చిన సొమ్మును మరియొక సంస్థకు చేర్చుటకు పంచాయతీ మధ్యవర్తిగా తీసికొన్నది. పొరుగువాడు తన బంధువునకు అందజేయుమని మన చేతికి ఇచ్చిన సొమ్ము వంటిది ఇది. దానిని మన పెట్టెలో పెట్టుకొన్నను, మనము వాడుకొన్నను తప్పే.

గ్రామము కట్టిన సొమ్ము అంతయు ఆ గ్రామమునకే తిరిగి వచ్చునా అని అడుగవచ్చును. అట్లు వచ్చునను నియమము లేదు. జిల్లాలోని గ్రామములు, పట్టణములు ఇచ్చిన సొమ్ము ఒక నిధిగా చేరును. ఆ నిధినుండి జిల్లాలోని గ్రంథాలయములకు పుస్తకములు, పత్రికలు, అద్దె, విద్యుచ్ఛక్తి, బల్లలు, బీరువాలు సమకూర్చబడును. పెద్ద ఊరు ఎక్కువ ఇచ్చును. చిన్న ఊరు తక్కువ ఇచ్చును. సేవ అందరికిని అందవలెను. చందాల కాలమున ధనిక గ్రామమునకే దొరకిన సేవను పేద గ్రామమునకు కూడ చేర్చుటయే ఈ ఏర్పాటులోని న్యాయము.

సొమ్ము జమ చేయనిచో

స్థానిక సంస్థల నుండి గ్రంథాలయ పన్ను బకాయిలు పేరుకొనుచున్నవను మాట రెండు రాష్ట్రములలోను తరచు వినబడుచున్నది. సొమ్ము కాజేయు ఉద్దేశముతోనే ఎల్లవారును అట్లు చేయుచున్నారని తలపరాదు. పంచాయతీకి కష్టములు కలవు. మనము ఊహించిన గ్రామమునే మరల తీసికొందము. వేసవిలో మంచినీటి మోటారు కాలిపోయినది. వీధిదీపముల బిల్లు మీదబడినది. పారిశుద్ధ్య కార్మికులకు జీతమీయవలెను. ఖాతాలో 36,000 రూపాయలు ఉన్నవి. ‘ఇప్పటికి దీనిని వాడుదము, వచ్చే ఏడు సర్దుదము’ అని సభ్యులు అనుకొందురు. వచ్చే ఏడు మరియొక మోటారు కాలును. రెండేండ్లకు 72,000 రూపాయలు బాకీ పడును. మూడవ ఏట ఆ మొత్తము తీర్చుటకు పెద్దదై కనబడును. అంతట దానిని తలచుటయే మానివేయుదురు.

నీటి మోటారు అవసరమైనది కాదని ఎవ్వరును అనరు. నీరు లేక ప్రజలు ఒక్క దినమైనను ఉండలేరు. పుస్తకము లేకున్నచో ఎవ్వరును వచ్చి కార్యాలయము ముందు బిందెలతో కూర్చుండరు. ప్రమాదము అందులోనే ఉన్నది. మోటారు కాలినచో ఆ పూటయే తెలియును. గ్రంథాలయము క్షీణించినచో ఏండ్లు గడచిన పిమ్మట గాని తెలియదు. మొదట పత్రికల సంఖ్య తగ్గును. తరువాత కొత్త పుస్తకములు రావు. పై కప్పు కారి బీరువాలోని పుస్తకములకు చెదలు పట్టును. పాఠకులు రారు. పాఠకులు రానందున గ్రంథాలయము వృథా అని మనమే అందుము. పన్ను నిలిపివేసినది మనమే అను సంగతి అప్పటికి ఎవరికిని జ్ఞాపకముండదు.

నీటికి, దీపములకు, పారిశుద్ధ్యమునకు వేరు పద్దులు, వేరు నిధులు కలవు. అవి చాలనిచో చాలలేదని పై అధికారులకు తెలుపుటయు, ఇంటిపన్ను బకాయిలను గట్టిగా వసూలు చేయుటయు సరియైన మార్గములు. చదువుకొను పిల్లవాని వాటాను తీసి మోటారు బాగుచేయుట మార్గము కాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1992లో చేయబడి 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. వానిలో 20వది గ్రంథాలయములు. కావున గ్రంథాలయము మన పని కాదని పంచాయతీ తప్పించుకొనజాలదు. పెద్ద ఖర్చు లేకుండ చేయదగిన పనులు ఇవి:

1. పంచాయతీ సమావేశమున గ్రంథాలయ పన్ను లెక్కను చూపుమని కార్యదర్శిని అడుగవలెను. డిమాండు ఎంత, వసూలైనది ఎంత, జిల్లా సంస్థకు జమ అయినది ఎంత, బకాయి ఎంత అను నాలుగు అంకెలు చాలును. ఏడాదికి ఒకసారి కాక, ప్రతి మూడు నెలలకును అడుగుట మేలు.

2. పాత బకాయి ఉన్నచో ఒక్కసారి తీర్చలేకున్నను, విడతలుగా తీర్చుటకు తీర్మానము చేయవలెను. ఇకమీద వసూలగు పన్నును మాత్రము పాత బకాయితో కలుపక ఎప్పటికప్పుడు జమ చేయవలెను.

3. ఆ నాలుగు అంకెలను గ్రామసభలో చదివి వినిపింపవలెను. పన్ను కట్టినవారికి తమ సొమ్ము పోయిన దారి తెలిసినచో మరుసటి ఏడు పన్ను వసూలు సులభమగును.

4. శాఖా గ్రంథాలయము అద్దె ఇంటిలోనో, శిథిలమైన గదిలోనో ఉన్నచో పంచాయతీకి చెందిన స్థలమునుగాని, ఖాళీగా ఉన్న గదినిగాని ఇచ్చుటకు ఆలోచింపవలెను. బడికిని, బస్సు దిగు చోటికిని దగ్గరగా ఉన్న స్థలము మంచిది. ఊరి చివరనున్న భవనము ఎంత అందమైనదైనను సాయంకాలమున ఆడపిల్లలు అచ్చటికి పోజాలరు.

5. గ్రంథాలయమునకు మంచినీరు, మరుగుదొడ్డి, ముంగిట వీధిదీపము ఉండునట్లు చూడవలెను. ఇవి పంచాయతీ సాధారణముగా చేయు పనులే. ఇవి లేనందుననే స్త్రీలు గ్రంథాలయమునకు రాకపోవుట కలదు.

6. గ్రంథాలయము లేని గ్రామము పుస్తక నిక్షిప్త కేంద్రము కొరకు తీర్మానము చేసి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పంపవచ్చును. ఏ గదిని ఇత్తురో, దానిని తెరచి మూయు బాధ్యత ఎవరు వహింతురో అందు స్పష్టముగా వ్రాయవలెను. పన్ను సక్రమముగా జమ చేసిన పంచాయతీ అడిగిన కోరికకు బలముండును.

7. ఏ పుస్తకములు కావలెనో ఊరివారిని అడిగి పట్టిక వ్రాసి గ్రంథపాలకునికి ఈయవలెను. నేతపనివారు, రైతులు, పరీక్షలకు చదువు యువకులు, స్వయం సహాయక సంఘముల స్త్రీలు కోరునవి వేరు వేరుగా ఉండును. అడుగనిదే గ్రంథపాలకునికి తెలియదు.

8. గ్రంథాలయము నియమిత వేళలకు తెరవబడుచున్నదా అని గమనింపవలెను. తెరవనిచో ఊరిలో అనుకొని ఊరకుండక, జిల్లా సంస్థకు వ్రాతమూలముగా తెలుపవలెను. అట్లే బాగుగా పనిచేయు గ్రంథపాలకుని ప్రశంసించుచు వ్రాయుటయు మన ధర్మమే.

ముగింపు

నూరేండ్లకు పూర్వము మన పెద్దలు తమ ఇంటిలో గది ఇచ్చి, తమ సొమ్ముతో పుస్తకములు కొని, కాలువలపై పడవలు నడిపి ప్రజలకు చదువును పంచిరి. వారికి చట్టము లేదు, పన్ను లేదు, కొన్నిచోట్ల ప్రభుత్వపు అనుమతియు లేదు. నేడు మనకు చట్టము కలదు. ప్రతి ఇంటివాడును తన వంతు పన్ను చెల్లించుచున్నాడు. మనము క్రొత్తగా త్యాగము చేయవలసిన పని లేదు. ప్రజలు ఇచ్చిన దానిని చేరవలసిన చోటికి చేర్చినచో చాలును.

వచ్చు పంచాయతీ సమావేశమునకు పోవునపుడు మీ ఇంటిపన్ను రశీదును వెంట తీసికొని పొండు. అందలి గ్రంథాలయ పన్ను పద్దును చూపి, ‘ఈ సొమ్ము జమ అయినదా?’ అని అడుగుడు. ఆ సాయంకాలమే మీ ఊరి గ్రంథాలయమునకు పోయి, ఏ పుస్తకము తేదీ వేసి ఎవరికి ఇచ్చిరో, చివరి కొత్త పుస్తకము ఎప్పుడు వచ్చినదో రిజిస్టరులో చూడుడు. ఈ రెండు ప్రశ్నలకు దొరకు సమాధానములు ఒకదానితో ఒకటి ఎట్లు ముడిపడి ఉన్నవో మీకే తెలియును.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీలో గడచిన మూడు సంవత్సరములలో వసూలైన గ్రంథాలయ పన్ను ఎంత? జమ చేసినది ఎంత?

2. మన గ్రామమునకు దగ్గరలోని శాఖా గ్రంథాలయము ఎచ్చట కలదు? మన ఊరినుండి అచ్చటికి పోవుచున్నవారు ఎందరు? పోలేనివారు ఏల పోలేకున్నారు?

3. మన ఊరిలో పోటీ పరీక్షలకు చదువుచున్న యువతీ యువకులు ఎందరు? వారికి కావలసిన పుస్తకములేవి?

4. పుస్తక నిక్షిప్త కేంద్రమునకు ఇయ్యదగిన గది మన గ్రామమున కలదా? దాని బాధ్యత ఎవరు వహింతురు?